యూదుల చికెన్ సూప్: రసం తేటగా రావట్లేదు, మాట్జా ఉండలు రాళ్ళవుతున్నాయి

ప్రశ్న:
అష్కెనాజీ యూదులు (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్నవారు) శుక్రవారం రాత్రి సబ్బాత్ భోజనానికి చేసే చికెన్ సూప్ చేస్తున్నాను. కిలోన్నర బ్రాయిలర్ కోడి, 3 లీటర్ల నీళ్ళు, క్యారెట్, ఉల్లి, సెలరీ అన్నీ ఒకేసారి వేసి పెద్ద మంట మీద గంటంపావు ఉడికించాను. రసం పాలిపోయి మడ్డిగా ఉంది, రుచి చప్పన. అందులోనే ఉడికించిన మాట్జా ఉండలు (మాట్జా అంటే పులియని పలచటి రొట్టె, దాని పొడితో చేసే ఉండలు) చెంచాకి తెగట్లేదు. తప్పెక్కడ?

జవాబు 1:
మంట దగ్గరే. తెర్లుతూ ఉడికితే కోడి కొవ్వు చిన్న చిన్న బిందువులుగా విరిగి నీళ్ళలో కలిసిపోతుంది, తెట్టు కూడా రసంలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎంత వడకట్టినా తేటపడదు. కోడిని చన్నీళ్ళలో వేసి సన్నగా కాగనివ్వండి. మొదటి 20 నిమిషాల్లో పైకి తేలే బూడిదరంగు తెట్టుని గరిటెతో తీసేస్తూ ఉండాలి. అది ఆగాకే కూరలు: 3 క్యారెట్లు, 2 సెలరీ కాడలు, ఒక పార్స్‌నిప్ (తెల్ల క్యారెట్‌లా ఉండే దుంప), దొరికితే పార్స్లీ వేరు, 10 మిరియాలు. ఉల్లిపాయని పొట్టుతోనే కడిగి సగానికి కోసి వేయండి, రంగు ఆ పొట్టు నుంచే వస్తుంది. అక్కడి నుంచి మూత ఓరగా పెట్టి రెండున్నర, మూడు గంటలు. రసం పైన అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేవాలి, అంతే. డిల్ ఆకు మాత్రం చివరి 10 నిమిషాల్లోనే.

చప్పదనానికి కారణం లేత కోడి. అసలు వాడేది గుడ్లు పెట్టడం మానేసిన ముదురు పెట్టని. బ్రాయిలరే ఉంటే అరకిలో రెక్కలు, కాళ్ళు కలపండి, నీళ్ళు రెండున్నర లీటర్లకి తగ్గించండి. రొమ్ము మాంసం 40 నిమిషాలకే తీసి, ఎముకలు మళ్ళీ కుండలో వేయండి. లేకపోతే అది పీచులా ఎండిపోతుంది.

జవాబు 2:
పైన చెప్పింది సరే గానీ ఉప్పు సంగతి వదిలేశారు. కోషర్ కోడిని (అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం కోసినదాన్ని) నెత్తురంతా పోయేలా నానబెట్టి, ఉప్పు పట్టించి, కడిగాకే అమ్ముతారు. మాంసంలో ఉప్పు కొంత ఉండనే ఉంటుంది కాబట్టి ఆఖర్న రుచి చూసే వేయాలి. ఇంకోటి, కోషర్ వంటలో మాంసంతో పాలపదార్థం కలవకూడదు. వెన్న, క్రీమ్ ఊసెత్తకండి.

ఉండల కొలత: 4 గుడ్లు, కప్పు మాట్జా పొడి, పావు కప్పు కోడి కొవ్వు (దీన్నే ష్మాల్ట్స్ అంటారు), పావు కప్పు సూప్ లేదా సోడా నీళ్ళు, చెంచా ఉప్పు. గరిటెతో కలిపి ఆపేయండి, పిసకొద్దు. ముద్ద మొదట జారుగానే ఉంటుంది. అది చూసి పొడి ఎక్కువ వేస్తే ఉండలు గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో గంట ఉంచితే పొడి తడి పీల్చుకుని దానంతటదే చిక్కబడుతుంది. చేతులు తడిచేసుకుని అక్రోటు కాయంత ఉండలు, నొక్కకుండా చుట్టండి. వేరే గిన్నెలో, మరిగే ఉప్పునీళ్ళలో వేసి మూతపెట్టి 35 నుంచి 40 నిమిషాలు. సూప్‌లోనే ఉడికిస్తే ఆ పొడి రాలి రసం మడ్డి అవుతుంది. మీ కుండలో అదీ జరిగింది. ఒకటి కోసి చూడండి: మధ్యలో ముదురు పసుపు గింజలా కనిపిస్తే ఇంకా ఉడకలేదు.

ప్రశ్న అడిగినవారు:
ముందురోజు చేసి పెట్టుకోవచ్చా? పైన తేలే కొవ్వు అంతా తీసేయాలా? ఉండలకి బదులు నూడుల్స్ వేస్తే?

జవాబు 1:
ముందురోజు చేయడమే మేలు. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది, ఎత్తి ఉండలకి వాడుకోండి. మొత్తం తీయకండి, ఒకటి రెండు చెంచాలు ఉంచాలి. అష్కెనాజీల భాష యిద్దిష్‌లో ఈ సూప్‌ని ‘గోల్డెనె యోయ్‌ఖ్’ అంటారు, అంటే బంగారు రసం. ఆ పసుపు చుక్కలు తేలకపోతే పేరుకి అర్థం లేదు. సన్న గుడ్డు నూడుల్స్ (లోక్షెన్) మామూలు వారాల్లో వేస్తారు, విడిగా ఉడికించి గిన్నెలో వేసి పైన సూప్ పోయాలి. పస్కా పండుగ 8 రోజుల్లో (ఇజ్రాయెల్‌లో 7) మాత్రం అవి కుదరవు, అప్పుడు గోధుమపిండిని మాట్జాగా తప్ప తినరు.

జవాబు 3:
ఆ పండుగకి ఉండలూ అందరూ తినరు. మాట్జాకి తడి తగలకూడదని పాటించే హసీదీ (ఆచారాలు గట్టిగా పాటించే ఒక యూదు శాఖ) కుటుంబాలు ఎనిమిదో రోజుదాకా ఆగుతాయి. అలాంటివారిని భోజనానికి పిలిస్తే గుడ్లు, బంగాళాదుంప పిండితో పల్చటి అట్లు పోసి, చుట్టి సన్నగా తరిగి వేయండి.