అప్‌డేట్: ఆటగాణ్ని తీసేసినా క్యాప్‌లో డబ్బు ఎందుకు మిగలట్లేదంటే

నా ప్రశ్న ఇదీ: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 90 లక్షల డాలర్ల జీతమున్న ఆటగాణ్ని మార్చిలో తీసేస్తే, జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి అయిన క్యాప్‌లో 40 లక్షలే మిగులుతోందేం? జవాబుల్లో మీరన్నట్టే చిక్కంతా ఒప్పందం రాసుకునేటప్పుడు ఇచ్చే సైనింగ్ బోనస్‌లో ఉంది.

నాలుగేళ్ల ఒప్పందం, బోనస్ 2 కోట్లు. డబ్బు ముందే ఇచ్చేసినా క్యాప్‌లో ఏటా 50 లక్షలు పడుతుంది. రెండేళ్లయ్యాక తీసేస్తే మిగతా కోటీ ఒకేసారి నెత్తిన పడుతుంది, అదే డెడ్ మనీ. జీతం 90 లక్షలు, బోనస్ వాటా 50 లక్షలు కలిపి 1.4 కోట్ల భారం పోయి కోటి వచ్చింది. జీతానికి గ్యారంటీ లేదు కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది.

'జూన్ 1 తర్వాత' అని ముద్ర వేసి తీసేస్తే డెడ్ మనీ ఈ ఏడాది 50 లక్షలు, వచ్చే ఏడాది 50. మిగులు 90. కానీ జట్టుకు ఇద్దరికే ఆ వెసులుబాటు. పైగా జూన్ 2 దాకా 1.4 కోట్లూ పద్దులోనే ఉంటాయి, మార్చి కొనుగోళ్లకు పైసా అక్కరకు రాదు.

నేను మరిచింది ఇంకోటి. సీజన్ మొదలయ్యేదాకా జట్టులో అత్యధికమైన 51 జీతాలే లెక్కకొస్తాయి. ఒకరు పోతే 52వ వాడు పైకి జరుగుతాడు: ఆ 90 లక్షల్లోంచి అతని 2025 కనీస జీతం 8.4 లక్షలు తీసేస్తే నికరం 81.6. సీజన్ మొదలైతే 53 మందీ, గాయాల జాబితా, ప్రాక్టీస్ స్క్వాడ్ (సాధనకు ఉంచుకునే అదనపు ఆటగాళ్లు) అన్నీ కలుస్తాయి. 2025లో ఆ స్క్వాడ్‌లోని 16 మందికి వారానికి 13,000 చొప్పున 18 వారాలకే 37.44 లక్షలు!