పది పరీక్షలయ్యాయి, సెలవుల్లో బాబుని పనికి పంపొచ్చా?

ప్రశ్న: మావాడికి 15 నిండాయి. ఇంటర్ మొదలయ్యేదాకా బట్టల షాపులో పెట్టాలని ఉంది. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు 1: ఒప్పుకుంటుందండి. 14 నిండితే ప్రమాదకరం కాని పనులు చేయొచ్చు (1986 బాలకార్మిక చట్టం, 2016 సవరణ). ఏకబిగిన 3 గంటలు దాటకూడదు, తర్వాత గంట విరామం. విరామంతో కలిపి రోజుకు 6 గంటలే, వారానికో సెలవు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చేయించకూడదు. చిక్కంతా ఇక్కడే. బట్టల షాపులో బేరాలు ఊపందుకునేది ఏడు తర్వాతే, అదీ పెళ్లిళ్ల సీజన్. "ఇంకాస్సేపు ఉండు బాబూ" అంటారు. పనివేళలు, జీతం ముందే కాగితం మీద రాయించుకోండి.

జవాబు 2: జీతం వాడి పేరున ఉన్న సేవింగ్స్ ఖాతాలో వేయించండి. పదేళ్లు దాటితే సొంతంగా నడుపుకునే ఖాతా తెరవొచ్చు. డబ్బు లెక్క అక్కడే ఒంటబడుతుంది.

జవాబు 3: జీతం అవసరం లేకపోతే చలివేంద్రం మేలు. కొత్త కుండ ఓ రోజంతా నానబెట్టాలి, లేకుంటే మట్టివాసన. నీడలో తడి ఇసుక మీద పెట్టాలి. పొడుగు కాడ గరిటె తప్పనిసరి. చేతులు ముంచితే నీళ్లు పాడవుతాయి. రోజూ సాయంత్రం కుండ ఖాళీచేసి కడగాలి. జనం ఎక్కువగా వచ్చేది మధ్యాహ్నమే కాబట్టి పిల్లల్ని వంతులవారీగా కూర్చోబెట్టండి.

జవాబు 4: వాడికి ఎండ పడదనుకుంటే తెలుగు వికీసోర్స్‌లో (పాత పుస్తకాలు ఉచితంగా దొరికే ఆన్‌లైన్ గ్రంథాలయం) పుస్తకం స్కాన్‌తో పోల్చి చూసి టైపు తప్పులు దిద్దొచ్చు. ఒత్తులు, అరసున్నలే ఎక్కువగా తప్పిపోతాయి.