రైమ్ అంటే ప్రాస, సీజ్యూరా అంటే యతి అని రాసుకోవచ్చా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను బ్రాడీపేటలో గది తీసుకుని డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం, ఇప్పుడు ఇంగ్లీషు సాహిత్యం. పారిభాషిక పదాలు గుర్తుండటం కోసం ప్రతి ఇంగ్లీషు పదం పక్కన తెలుగు పదం రాసుకుంటున్నాను: సిమిలీకి ఉపమ, మెటఫర్‌కు రూపకం, రైమ్‌కు ప్రాస, సీజ్యూరాకు యతి. మొన్నటి పరీక్షలో ఒక పద్యమిచ్చి రైమ్ చూపించమంటే, ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కింద గీత గీశాను. సున్నా వచ్చింది. ఈ పద్ధతి మొత్తం మానేయాలా, లేక కొన్ని జతలు నమ్మదగినవేనా? వ్యాకరణంలో పాసివ్ వాయిస్ (కర్మణి వాక్యం) కూడా నాకు ఇలాగే తికమకగా ఉంది. దయచేసి వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, విజయవాడ):

అమ్మా, నువ్వు గీత గీసిన చోటు తెలుగు పద్యానికైతే సరైనదే. మన ఛందస్సులో ప్రాస స్థానం పాదంలో రెండో అక్షరం. మొదటి పాదంలో అక్కడ ఏ హల్లు ఉంటే మిగిలిన పాదాల్లోనూ అదే హల్లు రావాలి, దాని మీది అచ్చు మారినా ఫరవాలేదు. ఇంగ్లీషు రైమ్ పాదం చివర ఉంటుంది. ఊనిక (పలకడంలో నొక్కు) పడిన చివరి అచ్చు మొదలుకొని ఆ తరువాతి ధ్వనులన్నీ కలిస్తేనే అది రైమ్. నైట్, లైట్ కలుస్తాయి. నైట్, నోట్ కలవవు, ఎందుకంటే చివరి హల్లు ఒకటే అయినా అచ్చు వేరు. కాబట్టి రైమ్ పక్కన ప్రాస కొట్టేసి అంత్యానుప్రాస అని రాసుకో.

యతి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. సంస్కృతంలో యతి అంటే విరామం గనుక ఆ అర్థంలో అది పాదం నడుమ విరామమైన సీజ్యూరాకు దగ్గరే. తెలుగులో మాత్రం అది అక్షరమైత్రి, అంటే ఒకే జట్టు ధ్వనుల పొత్తు: ఉత్పలమాలలో పాదం మొదటి అక్షరానికి పదో అక్షరంతో మైత్రి కుదరాలి, ఆ పదో అక్షరం ఒక మాట నడిమధ్యన పడినా కవి అక్కడ ఆగనక్కరలేదు. సీజ్యూరా వెతికేటప్పుడు నువ్వు చూడవలసింది పాదం మధ్యలో కామా పడిన చోటు, లేదా అర్థం ఆగిన చోటు.

మన యతికి అసలు చుట్టం ప్రాచీన ఇంగ్లీషు కవిత్వంలోని అలిటరేషన్, అంటే మాటల మొదట ఒకే ధ్వని మళ్లీ రావడం. అక్కడ పాదం రెండు సగాలుగా ఉంటుంది. రెండో సగంలో మొదట ఊనిక పడిన ధ్వనితో మొదటి సగంలోని ఊనిక ధ్వని కలిసి ఆ రెండు సగాలనూ ముడివేస్తుంది. వారికి ఏ అచ్చుతోనైనా ఏ అచ్చైనా చెల్లుతుంది. మనకు అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఇంకొక జట్టు. ఒకరినొకరు ఎరుగని రెండు భాషలు పాదాన్ని కట్టడానికి ఒకే ఉపాయం పట్టుకున్నాయని మొదటిసారి గమనించినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

జవాబు 2 (ఇంగ్లీషు అధ్యాపకురాలు, గుంటూరు):

మాస్టారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అలంకారాల విషయంలో మాత్రం నీ పద్ధతి మానవద్దు, అది నీకు బలం. మన జిల్లా కల్లాలనే తీసుకో. “మిరపకాయలు నిప్పులా ఎర్రగా ఉన్నాయి” అంటే మిరపకాయలు ఉపమేయం, నిప్పు ఉపమానం, ఎర్రగా ఉండటం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం, ఇది సిమిలీ. “ఈ మిరపకాయలు నిప్పులు” అంటే రూపకం, అంటే మెటఫర్. ఇంగ్లీషు విమర్శలో ఉపమేయాన్ని టెనర్ అనీ, ఉపమానాన్ని వెహికిల్ అనీ పిలవడం 1936లో విమర్శకుడు ఐ. ఏ. రిచర్డ్స్‌తో మొదలైంది, ఆ భేదాన్ని మన ఆలంకారికులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పేర్లు పెట్టి మరీ చర్చించారు.

అయితే మన విభజన మరింత సన్నగా ఉంటుంది. “కల్లం నిండా నిప్పులు ఆరబోశారు” అని మిరపకాయల మాటే ఎత్తకపోతే మనకది అతిశయోక్తిలో ఒక రకం, ఇంగ్లీషులో అదీ మెటఫరే. “కల్లానికి నిప్పు అంటుకుందా అన్నట్టు ఉంది” అంటే మనకు ఉత్ప్రేక్ష. ఇంగ్లీషు పరీక్షలో సాధారణంగా సిమిలీ అనే రాయాలి.

ఇక పాసివ్ వాయిస్. నీ తికమకకు కారణం ‘బడు’ చేర్చిన వాక్యాలే అనుకుంటున్నాను. ప్రకాశం బ్యారేజీకి వరద వస్తే “గేట్లు ఎత్తబడ్డాయి” అని మన ఇళ్లలో ఎవరూ అనరు, “గేట్లు ఎత్తారు” అంటారు. ఎత్తినదెవరో చెప్పం, చెప్పాల్సిన పనీ లేదు. దాన్ని “దే లిఫ్టెడ్ ద గేట్స్” అని రాస్తే ఆ ‘దే’ ఎవరని చదివేవాడు వెతుక్కుంటాడు; “ద గేట్స్ వర్ లిఫ్టెడ్” అంటే సరిపోతుంది. కర్త లేని మన ‘ఎత్తారు, కట్టారు, మూసేశారు’ వంటి వాక్యాలు ఎక్కడ కనిపించినా అక్కడ పాసివ్ పనికొస్తుందేమో చూడు. ‘బడు’ను మాత్రం పట్టుకుని వేలాడవద్దు.

ప్రశ్న అడిగినవారు:

మాస్టారికీ మేడమ్‌కూ కృతజ్ఞతలు. నోట్సులో రెండు పదాలూ దిద్దుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. “పదకొండయ్యేసరికి బ్రాడీపేట నిద్రపోయింది” అని రాస్తే అది పర్సానిఫికేషనా (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పడం), మెటానమీనా (ఒకదాని పేరుతో దానికి సంబంధించినదాన్ని చెప్పడం)?

జవాబు 2 రాసినవారు:

నిద్రపోయింది అక్కడి మనుషులని నీ ఉద్దేశమైతే మెటానమీ. ఊరి పేరు ఊళ్లోవాళ్లకు చెల్లింది. మాట అసలు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన అర్థం తీసుకోవడాన్ని మన శాస్త్రాల్లో లక్షణావృత్తి అంటారు; దానికి చెప్పే “గంగలో గొల్లపల్లె” (అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె) అనే ఉదాహరణ దీనికి దగ్గరి బంధువు. అలాకాక వీధే దీపాలార్పి కళ్లు మూసుకున్నట్టు తరువాతి వాక్యంలో వర్ణిస్తే పర్సానిఫికేషన్. నీ ఒక్క వాక్యం రెంటికీ సరిపోతుంది కనుక, పరీక్షలో ఏ అర్థంలో తీసుకున్నావో ఒక ముక్క రాసి ఆ తరువాతే పేరు పెట్టు.