హెచ్ఈకే కణాల్లో ఫైటోక్రోమ్ బి–పిఫ్6 స్విచ్: ఎరుపు కాంతికి రెండు రెట్లే పెరుగుతోంది

ప్రశ్న (కిరణం)

హెచ్ఈకే 293టీ కణాల్లో (మనిషి కిడ్నీ నుంచి వచ్చిన కణాలు) ఎరుపు కాంతితో జీన్ ఆన్ చేసే స్విచ్ పెడుతున్నాం. అరబిడోప్సిస్ మొక్కలో కాంతిని గుర్తించే ప్రొటీన్ ఫైటోక్రోమ్ బి మొదటి 650 అమైనో ఆమ్లాలకి వీపీ16 (జీన్‌ని ఆన్ చేసే ముక్క), న్యూక్లియస్‌లోకి పంపే సిగ్నల్ తగిలించాం. రెండో ముక్క టెట్ఆర్‌కి (టెట్ఓ అనే డీఎన్ఏ వరుసలని పట్టుకునే ప్రొటీన్) కలిపిన పిఫ్6 (ఎరుపు కాంతి పడ్డ ఫైటోక్రోమ్ బి పట్టుకునే ప్రొటీన్, 1–100 అమైనో ఆమ్లాలు). స్విచ్ పనిచేసిందో లేదో చూపే రిపోర్టర్‌లో టెట్ఓ వరుసలు, సీఎంవీ మినిమల్ ప్రమోటర్ (తనంతట తాను జీన్‌ని దాదాపు ఆన్ చేయనిది), సీప్ (కణాలు మీడియంలోకి వదిలే ఫాస్ఫటేజ్ ఎంజైమ్, దీన్నే కొలుస్తున్నాం). ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి ప్లాస్మిడ్ డీఎన్ఏ ఎక్కించడం) అయిన 24 గంటలకి 15 మైక్రోమోలార్ పీసీబీ (ఫైకోసయనోబిలిన్, ఫైటోక్రోమ్ కాంతిని పీల్చడానికి కావాల్సిన రంగు పదార్థం) వేసి, గంటసేపు చీకట్లో ఉంచి, ఆపైన 24 గంటలు 660 నానోమీటర్ల ఎల్ఈడీ కింద పెడుతున్నాం. స్విచ్‌ని ఆఫ్ చేసే 740 నానోమీటర్ల (ఫార్-రెడ్) కాంతిలో పెట్టిన ప్లేట్‌తో పోలిస్తే ఎరుపులో సీప్ రెండు రెట్లే. పీసీబీ వేయని వెల్స్‌లో కూడా 740లో ఉన్నంత వస్తోంది. ఎక్కడినుంచైనా కాంతి లీకవుతోందా? సీరం మామూలు ఎఫ్‌బీఎస్ (దూడ పిండం సీరం), 10 శాతం.

జవాబు (మొలక)

లీకయ్యేది కాంతి కాదండి. పీసీబీ లేని ఫైటోక్రోమ్ బి ఎంత వెలుగు పడినా పిఫ్6ని పట్టుకోలేదు. అక్కడా అంతే సీప్ ఉందంటే ఆ అడుగు మట్టానికి స్విచ్‌తో సంబంధం లేదు. రెండు చోట్ల చూడండి. ఒకటి, శాంపిల్‌ని 65 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశారా? చేయకపోతే కణాల సొంత ఫాస్ఫటేజ్‌లు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. రెండు, రిపోర్టర్ ప్లాస్మిడ్ ఒక్కటే వేసిన వెల్ పెట్టండి (మిగతా డీఎన్ఏ ఖాళీ ప్లాస్మిడ్‌తో సరిపెట్టి). అందులోనూ అంతే వస్తే మినిమల్ ప్రమోటరే కారుతోంది, రిపోర్టర్ మోతాదు సగానికో పావుకో తగ్గించాలి.

ఎరుపులో పైమట్టం తక్కువగా ఉండడం వేరే సమస్య. నాకు మొదటి అనుమానం మీ సీరం మీదే. పశువులకి వాడిన టెట్రాసైక్లిన్ అవశేషాలు మామూలు ఎఫ్‌బీఎస్‌లో ఉండొచ్చు. అవి తగిలితే టెట్ఆర్ డీఎన్ఏని వదిలేస్తుంది, పిఫ్6 కూడా దానితోపాటే పోతుంది. టెట్రాసైక్లిన్ లేదని పరీక్షించిన సీరంకి మారండి. టెట్ఆర్‌ని నేరుగా వీపీ16కి కలిపిన ప్లాస్మిడ్‌ని కంట్రోల్‌గా పెట్టండి: అది ఇచ్చేదాన్నే మీ రిపోర్టర్‌కి పైహద్దుగా తీసుకోవచ్చు. డాక్సీసైక్లిన్ (టెట్రాసైక్లిన్ రకం మందు) వేస్తే అది పడిపోవాలి. ఆ హద్దే తక్కువగా ఉంటే ఎల్ఈడీలతో కుస్తీ పట్టి లాభం లేదు.

జవాబు (నీలిపచ్చ)

సీరం సంగతి సరే, పీసీబీని కూడా కొలిచి చూడండి. సీసా మీద రాసిన గాఢతని నమ్మకూడదు. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో 15 మిల్లీమోలార్ స్టాక్ చేసుకుంటే 1:1000 కలిపినప్పుడు 15 మైక్రోమోలార్ వస్తుంది, డీఎంఎస్ఓ 0.1 శాతం దాటదు. అదే స్టాక్‌ని 95 పాళ్లు మెథనాల్, 5 పాళ్లు గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ మిశ్రమంలో 1:1000 పలచన చేసి 690 నానోమీటర్ల దగ్గర చదవండి. మోలార్ శోషణ గుణకం 37,900 కాబట్టి 0.57 దగ్గర రావాలి. 0.3 వచ్చిందంటే సగం పీసీబీ పాడైనట్టే. కొద్దికొద్దిగా పంచి మైనస్ 80లో, వెలుగు తగలకుండా పెట్టండి, మళ్లీ మళ్లీ కరిగించొద్దు.

కణాల్లో కూడా అది ఎక్కువసేపు నిలవదు. సీరంలోని ఆల్బుమిన్ పట్టేసుకుంటుంది, కణంలోని బిలివెర్డిన్ రిడక్టేజ్ దాన్ని క్షయకరించి పనికిరాకుండా చేస్తుంది. కాంతి మొదలైన 10–12 గంటలకి కొత్తగా తయారైన ఫైటోక్రోమ్‌కి పీసీబీ దొరకకపోవచ్చు, అందుకే మధ్యలో ఒకసారి మళ్లీ వేసి చూడండి. ప్రొటీన్‌కి అసలు అంటుకుందో లేదో తెలియాలంటే ప్రొటీన్లని విడదీసే ఎస్‌డీఎస్ జెల్‌ని జింక్ అసిటేట్‌లో నానబెట్టి యూవీ కింద చూడాలి. సిస్టీన్ 357కి పీసీబీ అతుక్కుని ఉంటే ఆ బ్యాండ్ నారింజ రంగులో వెలుగుతుంది.

కిరణం

వేడి చేయడం లేదు, ఇకనుంచి చేస్తాం. సీరం కూడా మారుస్తాం. ఇంకో సందేహం: ఆన్ చేసి 12 గంటల తర్వాత 740కి మార్చినా సీప్ తగ్గడం లేదు. స్విచ్ ఆఫ్ కావడం లేదా?

జవాబు (మొలక)

సీప్‌తో ఆఫ్ కనిపించదండి. అది మీడియంలోకి వచ్చి పోగుపడుతుంది, ఒకసారి వచ్చింది చెడిపోదు. 740కి మార్చేటప్పుడు పాత మీడియం పూర్తిగా తీసి, ఒకసారి కడిగి, పీసీబీ ఉన్న కొత్త మీడియం పోయండి. ప్రతి రెండు గంటలకీ శాంపిల్ తీసి, గంటకి ఎంత పెరిగిందో చూడండి. ఉన్న ఎంఆర్ఎన్ఏ అరిగేదాకా కొంత వస్తూనే ఉంటుంది.

ఆఫ్ చేయడానికి చీకటి మీద ఆధారపడొద్దు. ఫైటోక్రోమ్ చురుకైన పీఎఫ్ఆర్ రూపం చీకట్లో తనంతట తాను పీఆర్‌గా (పనిచేయని రూపం) మారడం నెమ్మది, 740 పడితేనే త్వరగా తిరుగుతుంది. అందుకే ప్లేట్ మీద గది లైటు ఒక్క క్షణం పడినా ఆ ప్రభావం చాలాసేపు ఉంటుంది. పని చేసేటప్పుడు మసక 520 నానోమీటర్ల ఆకుపచ్చ ఎల్ఈడీ వాడండి. అదీ కాసేపే, దాన్నీ ఫైటోక్రోమ్ కొద్దిగా పీల్చుకుంటుంది. రేకు రెండు పొరలు చుట్టండి, ఫోన్ స్క్రీన్ దగ్గరికి తేవద్దు.

జవాబు (తంగేడు)

ఇదంతా తలనొప్పి అనుకుంటే క్రై2–సీఐబీ1 ఉంది, అది నీలి కాంతికి కలిసే ప్రొటీన్ల జత. దానికి కాంతిని పీల్చే అణువుగా ఎఫ్ఏడీ చాలు, కణంలో ఎలాగూ ఉంటుంది, బయటినుంచి ఏమీ వేయనక్కర్లేదు. నీలి కాంతి ఆపితే నిమిషాల్లో విడిపోతుంది.

జవాబు (నీలిపచ్చ)

24 గంటల ప్రయోగానికి నేనైతే దానికి మారను. నీలి కాంతి మీడియంలోని రైబోఫ్లేవిన్ మీద పడి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, కణాలు దెబ్బతింటాయి. పైగా ఆపగానే విడిపోతుంది కాబట్టి కాంతి ఇస్తూనే ఉండాలి. ఎరుపుకి ఆ బెడద బాగా తక్కువ. ఏ రంగుకైనా, ఎప్పుడూ సీప్ చేసే ప్లాస్మిడ్ ఉన్న వెల్స్‌ని అదే దీపం కింద పెట్టండి. అక్కడా సీప్ తగ్గితే కాంతో, ఎల్ఈడీ వేడో కణాలని దెబ్బతీస్తోందన్నమాట. ప్లేట్ అడుగున థర్మోకపుల్ పెట్టి 37 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.