అప్‌డేట్: మాయ అతుక్కుపోయిన మా అక్క కాన్పు

రెండు సిజేరియన్లయిన అక్కకు మూడో కాన్పులో మాయ (ప్లాసెంటా) గర్భసంచిలో కిందికి ఉందన్నారని, రక్తస్రావమైతే ఎలా ఆపుతారని ఇక్కడ అడిగాను. తల్లీబిడ్డా క్షేమం. జవాబులిచ్చిన అందరికీ దండాలు.

మమ్మల్ని కాపాడిన సలహా ఇది: మాయ పాత కుట్టు మీద ఉందేమో డాప్లర్‌లో (రక్తప్రవాహాన్ని చూపే స్కాన్‌లో) చూపించుకుని, బ్లడ్ బ్యాంకున్న పెద్దాసుపత్రికి మారమని. చూపిస్తే మాయ గర్భసంచి కండరంలోకి దిగిపోయిందని తేలింది. ఎమ్మారైలోనూ అదే వచ్చింది. నొప్పులొచ్చేదాకా ఆగకుండా 35వ వారంలోనే ఆపరేషన్ పెట్టుకున్నారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, రక్తం సిద్ధంగా ఉంచారు. అసలు కీలకం ఏమిటంటే, మాయను ఊడదీయడానికి ప్రయత్నించనేలేదు. లాగితే రక్తం ధారకడుతుందట. బిడ్డను తీసి, మాయను అలాగే ఉంచి, గర్భసంచితో సహా తొలగించారు. రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము ఇచ్చారు. అయినా 4 యూనిట్ల రక్తం ఎక్కించాల్సి వచ్చింది.

రక్తస్రావం ఆపడానికి రక్తనాళాల్లో బెలూన్లు పెట్టాలని చాలామంది రాశారు, మాకు ఆ అవసరం రాలేదు. మంచం దిగకుండా ఉంటే మాయ పైకి జరుగుతుందన్న మాట నమ్మి అక్క నెలన్నర ఊరికే నలిగిపోయింది.

గర్భసంచి పోయిందని మాత్రం రెండు రోజులు ఏడ్చింది. ఆ బాధకు ముందే సిద్ధం చేయాల్సింది, మేం చేయలేదు. బాబు 9 రోజులు ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉండి నిన్న అమ్మ ఒడికి చేరాడు.