రసాయన చర్యలతో చిన్న సినిమా: శబ్దం ఎక్కడి నుంచి తేవాలి?

నీలిబుడగ:
ఆరు నిమిషాల ప్రయోగాత్మక సినిమా ఒకటి తీస్తున్నా. కథ లేదు, మనుషులు లేరు, గాజు పళ్ళెంలో జరిగే చర్యలే మాక్రో లెన్స్‌తో. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో రాగి తీగ పెడితే దాని చుట్టూ వెండి కొమ్మలు వేస్తుంది కదా, అదొకటి. సోడియం సిలికేట్‌లో కాపర్ సల్ఫేట్ పలుకులు వేస్తే మొక్కల్లా లేచే గొట్టాలు ఇంకొకటి. బొమ్మ బాగానే వచ్చింది, శబ్దం దగ్గరే ఆగిపోయా. సింథసైజర్ మ్యూజిక్ వేసి చూస్తే షాంపూ యాడ్‌లా ఉంది. అసలు ఆ చర్యల నుంచే శబ్దం రాబట్టొచ్చా? మైకు ఎంత దగ్గర పెట్టినా ఫ్యాన్ హోరు తప్ప ఏమీ పడట్లేదు.

చెవులపిల్లి:
గాల్లో పెడితే అంతేనండి. పియెజో డిస్క్ (అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న బిళ్ళ) ఒకటి గాజుకి బయటివైపు అంటించి రికార్డ్ చేయండి. వెండి చెట్టు మాత్రం నోరు విప్పదు, గ్యాస్ పుట్టే చర్య కావాలి. వంటసోడా, సిట్రిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి, బుడగలు వస్తుండగానే గ్లాసు అడుగున చెంచాతో తడుతూ ఉండండి. స్వరం ఒక్కసారిగా కిందికి దిగిపోయి, బుడగలు పోయేకొద్దీ మళ్ళీ పైకెక్కుతుంది. బుడగలున్న నీళ్ళలో ధ్వని వేగం బాగా తగ్గిపోతుంది, అందుకే. 1982లో ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే ఫిజిక్స్ ఆయన దీనికి హాట్ చాక్లెట్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. ఏ ఎడిటింగూ లేకుండానే రాగంలా వస్తుంది, నమ్మండి.

రీలుబాబు:
నాది పాత పిచ్చి, 16 ఎంఎం ఫిల్ము. ఆప్టికల్ సౌండ్ ఉన్న ప్రింట్లో బొమ్మ పక్కనే సన్నటి ట్రాక్ ఉంటుంది, దాని గుండా వెళ్ళే వెలుతురు ఎక్కువ తక్కువ కావడమే మనకి శబ్దంగా వినిపిస్తుంది. పనికిరాని ప్రింట్ ముక్క మీద అంచు దాకా బ్లీచ్ చుక్కలు వేశారనుకోండి, జెలటిన్ (ఫిల్ము మీద బొమ్మని పట్టి ఉంచే పొర) ఊడిపోయిన ఆ మచ్చే బొమ్మ, ఆ మచ్చే శబ్దం. కాకపోతే ప్రొజెక్టర్లో శబ్దం చదివే చోటు బొమ్మకి 26 ఫ్రేములు అవతల ఉంటుంది కాబట్టి మచ్చ కనిపించాక సెకనుకి కాస్త పైనే ఆగి టప్పుమంటుంది, మెరుపు తర్వాత ఉరుములా. నాకైతే ఆ ఆలస్యమే ఇష్టం. పై రిప్లైలోని సిట్రిక్ యాసిడ్‌ని మాత్రం బ్లీచ్ దరిదాపుల్లో ఉంచకండి, కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది విషం.

వలయం:
బెలూసోవ్-జబొటిన్‌స్కీ చర్య ఎవరూ చెప్పలేదేంటి? ఫెర్రోయిన్ అనే రంగు మార్చే సూచిక వేస్తే ఎర్రటి ద్రావణంలో నీలం వలయాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దీన్ని కనిపెట్టిన రష్యన్ కెమిస్టు బెలూసోవ్ 1951లో రాసి పంపితే ఇలా జరగదు పొమ్మని పత్రికవాళ్ళు తిప్పి పంపారు. ఆ వీడియోలో వెలుగు మారినప్పుడల్లా వాల్యూమ్ మారేలా కంప్యూటర్లో కలపండి. కుళాయి నీళ్ళు వద్దు, క్లోరైడ్ కొంచెం తగిలినా వలయాలు చచ్చిపోతాయి.

చెవులపిల్లి:
అందంగానే ఉంటుంది గానీ అది చర్య చేసిన శబ్దం కాదు కదండీ, మీరు దానికి చెప్పిన డబ్బింగ్.

వలయం:
పియెజో పెట్టి వందరెట్లు పెంచితే అది మాత్రం డబ్బింగ్ కాదా :)

నీలిబుడగ:
గ్లాసు పద్ధతి రాత్రే చేశా, నిజంగానే రాగం తీసింది. ఆ మోత ఆగిన వెంటనే వెండి చెట్టు షాట్ పెట్టి శబ్దం పూర్తిగా తీసేశా, మ్యూజిక్ ఉన్నప్పటికంటే ఇప్పుడే కళ్ళు కొమ్మల మీద నిలుస్తున్నాయి. ఒక్కటే తేలట్లేదు. ఐదో టేక్‌లో గట్టిగా తట్టానేమో, గ్లాసు పగిలింది, అదీ రికార్డయింది. ఉంచనా, తీసేయనా?