హిస్టరీ సొసైటీలో మెంబర్లకు సేవ తప్పనిసరి చేయడం సబబేనా?

మూసీ ఒడ్డు:
కోఠి, సుల్తాన్‌బజార్ వైపు మాదొక చిన్న చరిత్ర సంఘం. హెరిటేజ్ వాక్ పెడితే నలభై మంది వస్తారు, కుర్చీలు సర్దేది మాత్రం ఎప్పుడూ ఆ అయిదుగురే. అందుకని జనరల్ బాడీలో తీర్మానం పెడదామనుకుంటున్నాం: ఏడాదికి 12 గంటలు సంఘం పని చేయాలి, చేయనివాళ్లు రెట్టింపు చందా కట్టాలి. మీరేమంటారు?

పాత కాగితం:
పెట్టండి. నేను ఓ సంఘానికి ఆరేళ్లు సెక్రటరీగా చేశాను. లెక్కలు, రిజిస్ట్రార్‌కి ఏటా ఇచ్చే కార్యవర్గం జాబితా, హాలు బుకింగ్, అన్నీ ఒక్కడి నెత్తినే. చివరికి బీపీ వచ్చి మానేశాను. మెంబర్‌షిప్ అంటే ఫొటోలు దిగి వెళ్లిపోవడం కాదండీ.

గుల్జార్‌హౌజ్:
మీ కష్టం అర్థమైందండీ, కానీ తీర్మానం పెడితే పని చేసేవాళ్లు పెరగరు, మెంబర్లు తగ్గుతారు. చందా రెట్టింపంటే డబ్బున్నవాళ్లు కట్టేసి ఊరుకుంటారు, లేనివాళ్లు రావడం మానేస్తారు.

మా దగ్గర ఓ పెద్దాయన మూడేళ్లు వెనక వరసలో కూర్చుని టీ తాగి వెళ్లిపోయేవారు. ఒకసారి పాత ఇంటి కాగితాల కట్ట ఒకటి మా చేతికొచ్చింది, గుండుసూదులు తుప్పు పట్టి కాగితానికే అంటుకుపోయాయి, రాత అంతా షికస్తా ఉర్దూ, అంటే అక్షరాలు కలిపేసి వేగంగా రాసే గొలుసుకట్టు రాత, మాలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన పక్కకొచ్చి, కళ్లజోడు తీసి కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, గడగడా చదివేశారు! తారీఖు ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం సుమారు 590 కలుపుకోమని కూడా ఆయనే చెప్పారు. 1948 దాకా ఇక్కడ సర్కారు భాష ఉర్దూనే కదా, అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని మూడేళ్లు మేం అడగనే లేదు. తప్పు ఆయనదా, మాదా?

గ్రూపులో ‘ఎవరైనా వీలుంటే రండి’ అని మెసేజ్ పెడితే ఎవరూ రారు. పేరు పెట్టి పిలిచి, ఏ పని, ఎన్ని గంటలు, ఎప్పటికి అయిపోతుంది అన్నది చెప్పాలి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం పెట్టినవాళ్లు నిజాం రాజ్యంలో తెలుగు చదివేవాళ్లను కూడగట్టారు. జరిమానాతో అది జరిగేదా?

పాత కాగితం:
పేరు పెట్టి పిలవమంటున్నారు, సరే. ఎనభై మందికి ఫోన్ చేయడం కూడా పనే కదా, అదీ సెక్రటరీ నెత్తినే పడుతుంది. పైగా షికస్తా చదవడానికి ఎవరైనా ముందుకొస్తారు, కార్యక్రమం అయ్యాక హాలు ఊడ్చడానికి?

గుల్జార్‌హౌజ్:
అది నిజమే, ఒప్పుకుంటున్నా. ఊడ్చే పనికి వంతులు వేయండి, కార్యవర్గం కూడా అందులో ఉండాలి. ఫోన్లు ఒక్కరే చేయక్కర్లేదు, ఒకరికి పదేసి పేర్లు ఇవ్వండి. తీర్మానం మాత్రం ఓ ఏడాది ఆపండి.

మూసీ ఒడ్డు:
చందా మాట తీసేస్తున్నాం, వంతుల సంగతి కమిటీలో అడుగుతాను. సెప్టెంబర్ 28కి ఉస్మానియా ఆసుపత్రి చింతచెట్టు దగ్గర, 1908 మూసీ వరదలో దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు దగ్గరే, చిన్న సభ పెడుతున్నాం. గుల్జార్‌హౌజ్ గారూ, మిమ్మల్నే అడుగుతున్నా: ఉదయం ఎనిమిది నుంచి పది దాకా, మైకు సెట్టు దింపి మళ్లీ ఆటో ఎక్కించాలి. వస్తారా?

గుల్జార్‌హౌజ్:
వస్తాను. పెద్దాయన్ని కూడా తీసుకొస్తా, ఆయనకో కుర్చీ ఉంచండి.